మోటరుకు ఎంత రెసిస్టరు పెట్టాలి?

నల్లగొండ జిల్లాలో బోరు బావి ఉన్న రైతుకు మోటరు స్వభావం గురించి ఎవరూ పాఠం చెప్పనక్కరలేదు. ఇసుక చేరి పంపు పట్టేసినా, ఒక ఫేజు పోయి మోటరు తిరగకుండా మూలిగినా, స్టార్టరు డబ్బాలోని ఓవర్‌లోడ్ రిలే (ఎక్కువ కరెంటు పోతే మోటరును ఆపే స్విచ్చు) కొట్టేయకముందే ఆయన చెయ్యి ఎర్ర బటన్ మీదికి పోతుంది. తిరిగే మోటరు కంటే తిరగలేక ఆగిన మోటరే ఎక్కువ కరెంటు లాగుతుందనీ, ఆ కరెంటే వైండింగును కాలుస్తుందనీ ఆయనకు రిపేరు ఖర్చు రూపంలో తెలుసు. అదే ఇంట్లో తొమ్మిదో తరగతి చదివే అమ్మాయి వైజ్ఞానిక ప్రదర్శన కోసం నల్ల గీత వెంట నడిచే చిన్న రోబో చేస్తూ వచ్చి అడిగే మొదటి ప్రశ్న మాత్రం ఇలా ఉంటుంది: "సార్, మోటరుకు ఎంత రెసిస్టర్ పెట్టాలె?"

ఈ ప్రశ్న ఎక్కడి నుంచి పుట్టిందో ఊహించడం కష్టం కాదు. అంతకు ముందు వారమే ఆమె ఎల్‌ఈడీ వెలిగించి ఉంటుంది. దాని పక్కన రెసిస్టరు పెట్టకపోతే అది మాడిపోతుందని విని ఉంటుంది. కాబట్టి అంతకంటే పెద్దదైన మోటరుకు అంతకంటే పెద్ద రెసిస్టరు కావాలని అనుకోవడం సహజం. అయితే ఎల్‌ఈడీ విషయంలో నూటికి నూరు పాళ్లు సరైన ఈ ఆలోచన మోటరు దగ్గరికి వచ్చేసరికి దాదాపు పూర్తిగా తప్పుతుంది. ఆ తేడా ఎక్కడ ఉందో తెలిస్తే రోబోలోని ప్రతి రెసిస్టరు విలువనూ ఎవరినీ అడగకుండా లెక్క కట్టుకోవచ్చు.

ముందు ఎల్‌ఈడీ సంగతి చూద్దాం. బత్తాయి తోటలో డ్రిప్పు వేసినవారు చెట్టు మొదట్లో ఉండే డ్రిప్పరును గుర్తు చేసుకోవచ్చు. పైపులో నీళ్లు ఎన్ని ఉన్నా, గంటకు ఇన్ని లీటర్లు మాత్రమే చెట్టుకు పోవాలని ఆ చిన్న రంధ్రమే నిర్ణయిస్తుంది. రెసిస్టరు చేసే పని కూడా అదే. (ఈ పోలికకు ఒక హద్దు ఉంది. మామూలు డ్రిప్పరులో ఒత్తిడి రెట్టింపయితే నీరు రెట్టింపు కాదు. రెసిస్టరులో వోల్టేజీ రెట్టింపయితే కరెంటు కచ్చితంగా రెట్టింపవుతుంది. జర్మన్ శాస్త్రవేత్త జార్జ్ సైమన్ ఓమ్ 1827లో ప్రచురించిన నియమం ఇదే.) ఎల్‌ఈడీకి తనంతట తాను కరెంటును అదుపు చేసుకునే గుణం లేదు. ఎర్ర ఎల్‌ఈడీ సుమారు 2 వోల్టుల దగ్గర వెలగడం మొదలుపెడుతుంది. అక్కడి నుంచి వోల్టేజీ కొద్దిగా పెరిగినా కరెంటు అనేక రెట్లు పెరుగుతుంది. అందుకే మిగిలిన వోల్టేజీని భరించే పని రెసిస్టరుకు అప్పగిస్తాం.

లెక్క చాలా చిన్నది. ఆర్డుయినో ఊనో (ప్రోగ్రాం రాసి రోబోను నడిపించే చిన్న బోర్డు) పిన్ను నుంచి 5 వోల్టులు వస్తాయి, ఎర్ర ఎల్‌ఈడీ అందులో 2 వోల్టులు తీసుకుంటుంది, మిగిలిన 3 వోల్టులు రెసిస్టరు మీద పడతాయి. చక్కగా కనిపించే వెలుగుకు 10 మిల్లీ ఆంపియర్లు చాలు కాబట్టి 3ను 0.010తో భాగిస్తే 300 ఓములు వస్తుంది. దుకాణంలో 300 ఓములు అడిగితే చాలాసార్లు 330 ఇస్తారు. దాంతో కరెంటు 9 మిల్లీ ఆంపియర్లకు తగ్గుతుంది, కంటికి ఆ తేడా తెలియదు. నీలం, తెలుపు ఎల్‌ఈడీలు సుమారు 3 వోల్టులు తీసుకుంటాయి కాబట్టి వాటికి 200 ఓములు వస్తుంది, అప్పుడు 220 పెడతాం.

300కు బదులు 330, 200కు బదులు 220 దొరకడం దుకాణదారు బద్ధకం కాదు. రెసిస్టర్లు 10, 12, 15, 18, 22, 27, 33, 39, 47, 56, 68, 82 అనే పన్నెండు మెట్లలోను, వాటి పది రెట్లు, వంద రెట్లలోను ఎక్కువగా తయారవుతాయి. ప్రతి మెట్టు ముందుదానికంటే సుమారు ఇరవై శాతం పెద్దది. రెసిస్టరు విలువ పది శాతం అటూ ఇటూ ఉండవచ్చని ఒప్పుకున్న రోజుల్లో ఈ పన్నెండు మెట్లతో మధ్యలో దాదాపు ఖాళీ లేకుండా అన్ని విలువలూ దొరికేవి. కాబట్టి లెక్కలో వచ్చిన అంకెకు దగ్గరగా పైన ఉన్న మెట్టును తీసుకోవడమే పద్ధతి. ఎల్‌ఈడీ పక్కన 287 ఓముల కోసం వెతకడం తులం బంగారాన్ని తూచే త్రాసుతో వడ్లు తూచినట్టు ఉంటుంది.

రంగుల పట్టీల గురించి ఒక్క మాట. నలుపు 0, గోధుమ 1, ఎరుపు 2, నారింజ 3, పసుపు 4, ఆకుపచ్చ 5, నీలం 6, ఊదా 7, బూడిద 8, తెలుపు 9. మొదటి రెండు పట్టీలు అంకెలు, మూడోది వాటి వెనుక ఎన్ని సున్నాలు చేర్చాలో చెప్తుంది, చివరన బంగారు రంగు ఉంటే విలువ ఐదు శాతం అటూ ఇటూ ఉండవచ్చని అర్థం. నారింజ, నారింజ, గోధుమ అంటే 330. నారింజ, నారింజ, నలుపు అంటే 33. ట్యూబ్‌లైటు కింద రాత్రి పూట నేను ఒకసారి గోధుమను నలుపుగా కాదు, నలుపును గోధుమగా చదివి 33 ఓముల రెసిస్టరును పెట్టాను. ఎల్‌ఈడీ మహా వెలుగుతో వెలిగింది, ఆ పిన్ను మాత్రం ఆ తర్వాత ఎప్పుడూ పనిచేయలేదు. లెక్క ప్రకారం 90 మిల్లీ ఆంపియర్లు. పిన్ను లోపలి నిరోధం వల్ల అంత వచ్చి ఉండదు గానీ, ఊనో బోర్డులోని చిప్పుకు పిన్ను ఒక్కింటికి ఎట్టి పరిస్థితిలోనూ దాటకూడని హద్దు 40 మిల్లీ ఆంపియర్లు, హాయిగా నడవాలంటే 20 లోపే. అప్పటి నుంచి రంగులు చదివినా సరే, మల్టీమీటరుతో ఒకసారి కొలవనిదే రెసిస్టరును బ్రెడ్‌బోర్డు అనే చిల్లుల పలకలో గుచ్చను.

గీతను చూసే సెన్సరులోని ఇన్‌ఫ్రారెడ్ ఎల్‌ఈడీకి కూడా ఇదే లెక్క. అది సుమారు 1.2 వోల్టులే తీసుకుంటుంది కాబట్టి 220 ఓములతో 17 మిల్లీ ఆంపియర్లు ప్రవహిస్తాయి. స్విచ్చు దగ్గర పెట్టే 10 కిలో ఓముల రెసిస్టరు పని మాత్రం కొంచెం వేరు. స్విచ్చు నొక్కనప్పుడు పిన్ను ఎటూ అంటుకోకుండా గాలిలో వేలాడితే, పక్కనున్న వైరులోని విద్యుత్ అలజడినే అది ఆదేశం అనుకుంటుంది. దాన్ని మెల్లగా ఒక వైపు లాగి ఉంచడానికే ఆ రెసిస్టరు. అక్కడ 10 కిలోలకు బదులు 15 పెట్టినా 6.8 పెట్టినా పని జరిగిపోతుంది.

ఇక మోటరు. హైదరాబాదు కోఠీలోని గుజరాతీ గల్లీ నుంచి పిల్లలు తెచ్చుకునే పసుపు రంగు గేరు మోటర్లను దుకాణాల్లో బీఓ మోటర్లు అంటారు. 3 నుంచి 6 వోల్టుల మధ్య నడుస్తాయి. నా దగ్గర ఉన్న ఒక మోటరు రెండు కాళ్ల మధ్య నిరోధాన్ని కొలిస్తే దాదాపు 5 ఓములు చూపింది. (కొలిచేటప్పుడు చక్రాన్ని కొద్దికొద్దిగా తిప్పుతూ నాలుగైదు చోట్ల చూసి వాటిలో అతి తక్కువ అంకెను తీసుకోవాలి, లోపలి బ్రష్షులు సరిగా ఆనని చోట మీటరు ఎక్కువ చూపుతుంది.) ఇప్పుడు ఓమ్ నియమం ప్రకారం 6 వోల్టులను 5తో భాగిస్తే 1.2 ఆంపియర్లు రావాలి. కానీ మోటరును గాల్లో పట్టుకుని తిప్పి కరెంటు కొలిస్తే 0.15 ఆంపియరు దగ్గరే ఉంది. నియమం తప్పిందా?

తప్పలేదు. తిరుగుతున్న మోటరు తానే ఒక చిన్న జనరేటరు. తీగ చుట్ట అయస్కాంతాల మధ్య తిరిగినప్పుడు అందులో వోల్టేజీ పుడుతుంది, అది బ్యాటరీకి ఎదురుగా నిలబడుతుంది. మోటరు ఎంత వేగంగా తిరిగితే ఆ ఎదురు వోల్టేజీ అంత ఎక్కువ. 0.15 ఆంపియరు 5 ఓముల గుండా పోవడానికి 0.75 వోల్టు చాలు కాబట్టి, మిగిలిన 5.25 వోల్టులూ ఎదురు వోల్టేజీయే అన్నమాట. చక్రం గోడకు తగిలి ఆగిందంటే ఆ ఎదురు వోల్టేజీ సున్నా అవుతుంది, అడ్డు తొలగుతుంది, 1.2 ఆంపియర్లు పరుగెత్తుకొస్తాయి. బోరు మోటరు నిర్మాణం వేరు, అది ఏసీ కరెంటుతో నడుస్తుంది. అయినా ఆగిన మోటరు ఎందుకు కాలుతుందనే ప్రశ్నకు మూలంలో ఉన్నది ఈ ఎదురు వోల్టేజీ లేకపోవడమే. మొదలయ్యే క్షణంలో ప్రతి మోటరూ ఆగి ఉన్న మోటరే కాబట్టి, ఆ క్షణంలో లాగే కరెంటు కూడా ఇదే.

కాబట్టి ఎల్‌ఈడీ లాగా మోటరుకు ఒక స్థిరమైన కరెంటు లేదు. మోసే బరువును బట్టి అది తన కరెంటును తానే నిర్ణయించుకుంటుంది. బరువు పెరిగితే వేగం తగ్గుతుంది, ఎదురు వోల్టేజీ తగ్గుతుంది, కరెంటు పెరుగుతుంది, దాంతోపాటు తిప్పే బలం పెరుగుతుంది. అవసరమైనప్పుడు ఎక్కువ కరెంటు దొరకడమే మోటరు బలం.

ఇప్పుడు ఆ అమ్మాయి అడిగినట్టే వేగం తగ్గించడానికి 20 ఓముల రెసిస్టరును మోటరుకు వరసలో పెట్టి చూద్దాం. గాల్లో 0.15 ఆంపియరు దగ్గర రెసిస్టరు 3 వోల్టులు తినేస్తుంది. మోటరుకు 3 వోల్టులే మిగిలి, అందులో 0.75 తీగ నిరోధానికి పోగా ఎదురు వోల్టేజీ 2.25కు వస్తుంది, అంటే వేగం సగం కంటే తక్కువకు పడిపోతుంది. చేతిలో ఎత్తి పట్టుకుని చూస్తే అనుకున్నట్టే జరిగిందని సంతోషిస్తాం. నేల మీద పెట్టగానే రోబో కదలదు. కదలడానికి 0.4 ఆంపియరు కావాలనుకుంటే, ఆగి ఉన్న స్థితిలో మొత్తం నిరోధం 25 ఓములు కాబట్టి రాగల గరిష్ఠ కరెంటు 0.24 ఆంపియరు మాత్రమే. మోటరుకు బలం ఎప్పుడు ఎక్కువ కావాలో సరిగ్గా అప్పుడే రెసిస్టరు దాని గొంతు పట్టుకుంటుంది. పైగా ఆ 0.24 ఆంపియరు వద్ద రెసిస్టరులో 1.15 వాట్ల వేడి పుడుతుంది. దుకాణంలో మామూలుగా ఇచ్చేవి పావు వాటు రెసిస్టర్లు. పూర్వం గోడకు ఉండే పెద్ద డబ్బా లాంటి ఫ్యాన్ రెగ్యులేటర్లను తాకితే వెచ్చగా తగిలేవి. చాలా వాటిలో ఉన్నది ఇలాంటి రెసిస్టర్ల వరసే.

దీనికి విరుగుడు కరెంటును తగ్గించకుండా, దాన్ని ఇచ్చే సమయాన్ని తగ్గించడం. మోటరుకు పూర్తి 6 వోల్టులు ఇచ్చి, వెంటనే ఆపి, మళ్లీ ఇచ్చి, సెకనుకు కొన్ని వందల సార్లు ఇలా చేస్తే, మోటరు బరువుకూ వైండింగు స్వభావానికీ ఆ ఆన్, ఆఫ్ తెలియకుండా సగటు మాత్రమే తెలుస్తుంది. దీన్నే పీడబ్ల్యూఎం (పల్స్ విడ్త్ మాడ్యులేషన్) అంటారు. ఊనో బోర్డులో ఈ సౌకర్యం ఉన్న పిన్నుల్లో ఎక్కువ వాటి మీద సెకనుకు 490 సార్లు, 5, 6 నంబరు పిన్నుల మీద 980 సార్లు ఇది జరుగుతుంది. 0 నుంచి 255 వరకు అంకె ఇచ్చి ఎంత సేపు ఆన్‌లో ఉండాలో చెప్తాం. 127 అని ఇస్తే సగటు 3 వోల్టులు. రెసిస్టరు పెట్టినప్పుడు కూడా మోటరుకు 3 వోల్టులే వచ్చాయి కదా అనిపించవచ్చు. తేడా మోటరు ఆగినప్పుడు తెలుస్తుంది: ఇక్కడ దారిలో 5 ఓములే ఉన్నాయి కాబట్టి సగటు కరెంటు 0.6 ఆంపియరు వరకు వెళ్లగలదు, రోబో కదులుతుంది.

పిన్ను హద్దు 20 మిల్లీ ఆంపియర్లు, మోటరు ఆకలి 1,200. కాబట్టి పిన్నుకు మోటరును నేరుగా తగిలించడం జరగని పని. మధ్యలో ఒక స్విచ్చు కావాలి. పొలంలో స్టార్టరు బటన్ మీద రైతు వేలు చిన్న బలమే పెడుతుంది, మోటరు కరెంటును మోసేది లోపలి కాంటాక్టరు. ట్రాన్సిస్టరు చేసేది ఆ కాంటాక్టరు పనే. ఇక్కడ మాత్రం రెసిస్టరుకు నిజమైన పని ఉంది. కిట్లలో ఎక్కువగా కనిపించే బీసీ547 మోయగలిగేది 100 మిల్లీ ఆంపియర్లే కనుక అది దీనికి పనికిరాదు. టీఐపీ122 తీసుకుంటే దాని బేసులోకి (ఆదేశం అందుకునే కాలులోకి) 5 మిల్లీ ఆంపియర్లు పంపితే మన 1.2 ఆంపియర్లకు ధారాళంగా సరిపోతుంది. దాని బేసు దగ్గర సుమారు 1.4 వోల్టులు ఉంటుంది కాబట్టి 5లోంచి తీసేసి మిగిలిన 3.6ను 0.005తో భాగిస్తే 720 ఓములు. ఇక్కడ పైమెట్టు కాకుండా కిందిమెట్టు 680 తీసుకోవాలి. ఎందుకంటే ఎల్‌ఈడీ దగ్గర కరెంటు ఎక్కువైతే నష్టం, ఇక్కడ తక్కువైతే నష్టం. ట్రాన్సిస్టరు అరకొరగా తెరుచుకుంటే అదే రెసిస్టరులా మారి వేడెక్కుతుంది.

ఈ సందర్భంలో చాలామంది, ఆదేశాన్ని కరెంటుగా కాక వోల్టేజీగా తీసుకునే ట్రాన్సిస్టరు రకమైన మాస్‌ఫెట్ వాడమంటారు, అది మంచి సలహాయే. కానీ ఐఆర్‌ఎఫ్540 అనే పేరు చూసి కొనేవారు జాగ్రత్తపడాలి. దాని గేటుకు (ఆదేశం అందుకునే కాలుకు) 10 వోల్టులు ఇచ్చినప్పుడు అది ఎంత చక్కగా తెరుచుకుంటుందో వివరపత్రంలో రాసి ఉంటుంది. 5 వోల్టులకు పూర్తిగా తెరుచుకుంటుందనే హామీ లేదు. ఐఆర్‌ఎల్‌జెడ్44 లాంటి, 5 వోల్టులకే తెరుచుకునే రకాన్ని ఎంచుకోవాలి. గేటుకూ భూమికీ (గ్రౌండుకు, అంటే మైనస్ వైరుకు) మధ్య 10 కిలో ఓములు పెట్టడం మరవకూడదు, లేదంటే బోర్డు మేల్కొనే లోపల మోటరు తనంతట తానే ఒక గిరక కొడుతుంది.

ఏది వాడినా మోటరు కాళ్ల మధ్య ఉల్టాగా ఒక డయోడు (కరెంటును ఒకే వైపు పోనిచ్చే భాగం), 1ఎన్4007 అయినా సరే, ఉండి తీరాలి. తీగ చుట్టలో పారుతున్న కరెంటు ఉన్నపళంగా ఆగనంటుంది. స్విచ్చు తెరిస్తే దారి కోసం వోల్టేజీని పెంచుకుంటూ పోయి ట్రాన్సిస్టరును పొడిచేస్తుంది. డయోడు దానికి వెనక్కి తిరిగే దారి చూపుతుంది.

రోబో వెనక్కి కూడా నడవాలంటే ఒక్క ట్రాన్సిస్టరు చాలదు. బోరు మోటరు ఉల్టా తిరిగితే మూడు ఫేజుల్లో రెండు వైర్లను అటు ఇటు మార్చుతారు. ఈ చిన్న మోటరుకు ఉన్న రెండు వైర్లనే మార్చాలి. ఆ మార్పిడిని నాలుగు స్విచ్చులతో చేసే అమరికను, గీసినప్పుడు ఇంగ్లిషు అక్షరంలా కనిపిస్తుంది కాబట్టి, హెచ్ బ్రిడ్జి అంటారు. ఎల్‌293డి చిప్పు ఒక్కో మోటరుకు 600 మిల్లీ ఆంపియర్లు నిలకడగా ఇవ్వగలదు, 1.2 ఆంపియర్లను క్షణకాలం మాత్రమే భరిస్తుంది. ఎర్ర బోర్డు మీద పెద్ద అల్యూమినియం రెక్కలతో వచ్చే ఎల్‌298ఎన్ 2 ఆంపియర్ల వరకు మోస్తుంది గానీ, పాత పద్ధతి ట్రాన్సిస్టర్లు కావడంతో 1 ఆంపియరు దగ్గర దాదాపు 2 నుంచి 3 వోల్టులు తానే తినేస్తుంది. 6 వోల్టుల బ్యాటరీతో అలాంటి బోర్డు పెట్టి మోటరు నీరసంగా తిరుగుతోందని బాధపడేవారు చాలామంది. మాస్‌ఫెట్లతో చేసిన టీబీ6612 బోర్డులో ఆ నష్టం చాలా తక్కువ, 1.2 ఆంపియర్లు నిలకడగా ఇస్తుంది. పిల్లల రోబోకు నా ఓటు దానికే.

కరెంటు ఎంత కావాలో తెలిశాక బ్యాటరీ సంగతి తేలికే. మల్టీమీటర్లలో వాడే చదరపు 9 వోల్టుల బ్యాటరీని మాత్రం మోటర్లకు పెట్టకూడదు. దాని లోపలి నిరోధం ఎక్కువ. రెండు మోటర్లు ఒకేసారి కదలబోయే క్షణంలో దాని వోల్టేజీ కుప్పకూలి, ఆర్డుయినో బోర్డు ఆగి మళ్లీ మొదలవుతుంది. చూసేవారికి ప్రోగ్రాంలో తప్పున్నట్టు అనిపిస్తుంది. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి ఇరవై నాలుగు గంటల కరెంటు ఇవ్వడం మొదలుపెట్టినప్పుడు ఆటో స్టార్టర్లు తీసేయమని ప్రభుత్వం రైతులను కోరింది. కరెంటు రాగానే ట్రాన్స్‌ఫార్మరు కింద ఉన్న మోటర్లన్నీ ఒక్కసారిగా ఎక్కితే ఏమవుతుందో ఊళ్లో బల్బులు చెప్పేవి. రోబోలో జరిగేదీ అదే. నాలుగు పెన్సిలు బ్యాటరీలను మోటర్లకు విడిగా పెట్టి, బోర్డుకు వేరే సరఫరా ఇచ్చి, రెండింటి మైనస్ వైర్లను మాత్రం కలపాలి. మైనస్ కలపకపోతే పిన్ను పంపే సంకేతానికి తిరిగొచ్చే దారి ఉండదు, మోటరు పలకదు.

మోటరు దారిలో రెసిస్టరు వద్దని ఇంతసేపు చెప్పిన తర్వాత ఒక మినహాయింపు చెప్పాలి. ఆ దారిలో నిజంగా పనికొచ్చే రెసిస్టరు ఒకటుంది, దాని పని ఆపడం కాదు, కొలవడం. టీఐపీ122 ఎమిటరుకూ (కరెంటు బయటికి వచ్చే కాలుకూ) భూమికీ మధ్య 0.5 ఓము, 1 వాటు రెసిస్టరు పెడితే, రోబో మామూలుగా నడిచే 0.4 ఆంపియరు దగ్గర దాని మీద 0.2 వోల్టు కనిపిస్తుంది. చక్రం ఇరుక్కుంటే, ట్రాన్సిస్టరు తినే సుమారు 1 వోల్టు పోగా మిగిలిన 5 వోల్టులు 5.5 ఓముల గుండా 0.9 ఆంపియరును పంపుతాయి, రెసిస్టరు మీద 0.45 వోల్టు వస్తుంది. దీన్ని 10 కిలో ఓముల రెసిస్టరు, 10 మైక్రో ఫారడ్ కెపాసిటరుతో కొంచెం నెమ్మదింపజేసి వోల్టేజీని 0 నుంచి 1023 వరకు అంకెగా చదివే అనలాగ్ పిన్నుకు ఇస్తే, బోర్డు మొదటిదాన్ని 41గా, రెండోదాన్ని 92గా చదువుతుంది. అంకె 70 దాటి అర సెకను కంటే ఎక్కువ ఉంటే మోటరును ఆపేయమని రెండు వరుసలు రాస్తే చాలు. అర సెకను ఆగడం ఎందుకంటే, మొదలయ్యే ప్రతిసారీ మోటరు క్షణకాలం ఆగిన మోటరే కాబట్టి అంకె ఎగబాకుతుంది. స్టార్టరు డబ్బాలోని ఓవర్‌లోడ్ రిలే కూడా మోటరు ఎక్కే ఆ కొద్ది సేపు ఓపిక పట్టే కొట్టేస్తుంది.